సందేహాలు – సమాధానాలు: పక్షవాతం వార్డులో సత్ప్రసాదం, జపమాల

ప్రశ్న: నాన్నగారికి పక్షవాతం వచ్చి ఆరు రోజులైంది. ముక్కులో గొట్టం వేసి పాలు పోస్తున్నారు. ఆదివారం ఫాదర్‌గారు సత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా ఇచ్చే పల్చటి అప్పం) తెస్తామన్నారు. నర్సేమో నోటికి ఏదీ పెట్టొద్దంటోంది. అప్పం చిన్నదే కదా?

జవాబు: నర్సు మాటే వినండి. పక్షవాతంలో కాలూచెయ్యీతో పాటు గొంతు కండరాలూ పట్టు తప్పుతాయి. మింగింది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా. పొలమారలేదు కదా అని ధీమా వద్దు, కొందరికి దగ్గు కూడా రాకుండానే లోపలికి పోతుంది. అప్పం పొడిది, ఎండిన నోట్లో అంగిటికి అతుక్కుంటుంది, లేదా పడిపోయిన వైపు బుగ్గలో చేరి ఎప్పుడో తర్వాత జారుతుంది. నీళ్లతో దింపుదామంటే, పల్చటి నీళ్లే ఇలాంటివారికి ఎక్కువ ప్రమాదం.

స్పీచ్ థెరపిస్టు మింగుడు పరీక్ష చేసి ‘పెట్టొచ్చు’ అన్నాక కందిబద్దంత ముక్క చాలు. అంత ముక్కలోనూ క్రీస్తు పూర్తిగా ఉన్నాడన్నదే శ్రీసభ (కతోలిక సంఘం) బోధ. నిటారుగా కూర్చోబెట్టండి, తల వెనక్కి వాలనివ్వొద్దు. ముక్కను బాగున్న వైపు నాలుక మీద పెట్టమనండి. థెరపిస్టు చెప్పిన చిక్కదనంలో ఒక చెంచా నీళ్లు ఇచ్చి, నోరు తెరిపించి టార్చితో బుగ్గ చూడండి. అరగంట దాకా పడుకోబెట్టకండి. గొంతు తడిగా, గరగరగా మారితే వెంటనే నర్సును పిలవండి. ఇక గంట ఉపవాసం నియమం రోగులకూ, వారిని చూసుకునేవారికీ లేదు (శ్రీసభ చట్టం 919).

ఈ ఆదివారానికైతే అభ్యంగనం (రోగికి నూనె రాసి ప్రార్థించే సంస్కారం) అడగండి. నుదుటికీ చేతులకూ నూనె రాస్తారు, నోటితో పనిలేదు. దాన్నే అవస్థ అంటూ, ‘అవస్థ ఇస్తే ఇక ఆశ లేనట్టే’ అనుకునేవాళ్లు మన విచారణల్లో (చర్చి సంఘాల్లో) ఇంకా ఉన్నారు. అది పొరపాటు, జబ్బు తీవ్రమైతే చాలు, మళ్లీ విషమిస్తే మళ్లీ ఇస్తారు. సెలైన్ సూది ఉన్న చేతిని మాత్రం ఫాదర్‌గారికి ముందే చూపించండి, నూనె తగిలితే ప్లాస్టరు ఊడుతుంది.

ప్రశ్న: అమ్మ ‘నీళ్లు’ అనలేకపోతోంది. జపమాల మొదలుపెడితే మాత్రం ‘దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా’ అని చివరిదాకా గడగడా చెప్పేస్తోంది. మాట వచ్చేసినట్టేనా?

జవాబు: ఇంకా కాదు. ఏళ్లతరబడి నోటికొచ్చిన ప్రార్థనలు, ఒంట్లు, వారాల పేర్లు, పాటలు ఒక దారిన వస్తాయి. అప్పటికప్పుడు కూర్చుకోవాల్సిన మాట ఇంకో దారిన రావాలి. మాట పడిపోయిన చాలామందిలో మొదటి దారి మిగులుతుంది. ఈ సంగతి థెరపిస్టుకు తప్పక చెప్పండి, ఆసరాగా వాడుకుంటారు.

ఇంట్లో చేయాల్సిందేమిటంటే: టీవీ ఆపి, ఒక్కరే ఎదురుగా కూర్చోండి. జపమాలలోని అయిదు పదులూ (పదేసి మరియమ్మ ప్రార్థనలు) వద్దు, ఒక్క పది చాలు, త్వరగా అలసిపోతారు. ‘దేవవరప్రసాదము చేత...’ అని ఆగండి. మనసులో పది లెక్కపెట్టేదాకా మాట అందించకండి. అందరూ చేసే తప్పు అదే, ఆమెకు మాట అందేలోపు మనమే అనేస్తాం. పదిమంది మంచం చుట్టూ చేరి గట్టిగా ప్రార్థించడం ప్రేమే గానీ, ఆమెకు అది ఒట్టి రొద. అవును, కాదు కూడా తారుమారవుతుంటాయి. తలూపడంతో పాటు బొటనవేలు ఎత్తమని అడిగి సరిచూసుకోండి. పాపసంకీర్తనానికి (ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) మాటే అక్కర్లేదు, పశ్చాత్తాపం సైగతో తెలిపినా చెల్లుతుంది. ఆ కాసేపు మీరు గది బయట ఉండండి.

ప్రశ్న: తాతయ్య కుడిచెయ్యి పడిపోయింది. మేమే ఆ చెయ్యి పట్టుకుని సిలువ గుర్తు వేయిస్తున్నాం. మంచిదేనా?

జవాబు: మణికట్టు పట్టి పైకి లాగుతున్నారేమో, వెంటనే ఆపండి. పట్టులేని భుజం కీలు ఆ లాగుడుకు జారుతుంది, తర్వాత నెలల తరబడి నొప్పి. ఎడమచేత్తో వేసుకోనివ్వండి, ఏ దోషమూ లేదు. కుడిచెయ్యి కూడా కదలాలంటే మోచేతి కింద ఒక చెయ్యి, మణికట్టు కింద ఒక చెయ్యి ఆనించి, భుజం ఎత్తు దాటకుండా కదపాలి. ఆ పద్ధతి ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి.

ప్రశ్న: మా ఆయన లేచి నడిస్తే విజయవాడలో మరియమ్మ క్షేత్రమున్న గుణదల కొండ ఎక్కిస్తానని మొక్కుకున్నాను. ఇప్పుడు కర్రతో నడుస్తున్నారు.

జవాబు: మొక్కు మొక్కినవారినే బంధిస్తుంది (చట్టం 1193), ఆయన్ని కాదు. మీ మొక్కునైనా విచారణ గురువులు న్యాయమైన కారణముంటే సడలించగలరు, వెళ్లి అడగండి. ఫిబ్రవరి 9, 10, 11 తిరునాళ్ల జనంలోకి ఆయన్ని తీసుకెళ్లొద్దు. మామూలు రోజున, పొద్దున్నే, కొండ కింద కుర్చీ వేసి కూర్చోబెట్టి మీరొక్కరే ఎక్కి రండి. ప్రయాణం కదా అని ఆ రోజు బీపీ మాత్రగానీ, రక్తం పల్చబరిచే మాత్రగానీ మానకండి.