చేప చిరునామా

చి. సౌజన్యకు,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. బంగ్గాయ్ కార్డినల్ చేప గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. కానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "ఇది ఇండోనేషియాలోని పగడపు దిబ్బల్లో నివసిస్తుంది" అన్నావు. తప్పేం కాదమ్మా. కానీ అదే మాట ఎన్ని వందల చేపలకైనా సరిపోతుంది. ఈ చేప సొంత ఊరు ఇండోనేషియాలోని సులవేసి అనే పెద్ద దీవికి తూర్పున ఉన్న బంగ్గాయ్ దీవులు, వాటి చుట్టుపక్కల కొన్ని దీవులు. అంతా కలిపినా 5,500 చదరపు కిలోమీటర్ల పరిధి. అందులోనూ ఒడ్డు దగ్గర, అలల తాకిడి లేని చోట, ఎక్కువగా మనిషి లోతు నీళ్లలోనే.

ఇంత చిన్న చోటులోనే ఎందుకుంది? జవాబు నీ వ్యాసంలోనే ఉంది. తండ్రి చేప గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుందని చివర్లో ఒక వింతలా చెప్పి వదిలేశావు. పగడపు దిబ్బల్లో ఉండే చాలా చేపల పిల్లలు వారాల తరబడి ప్రవాహంలో కొట్టుకుపోయి, ఎక్కడో మరో దిబ్బ చేరతాయి. దీని పిల్లలకు ఆ ప్రయాణమే లేదు. గుడ్లుగా సుమారు 20 రోజులు, పిల్లలయ్యాక మరో పది రోజులు తండ్రి నోట్లోనే. బయటికి రాగానే పక్కనే ఉన్న సీ అర్చిన్ అనే సముద్రజీవి పొడవాటి నల్ల ముళ్ల మధ్యకో, పువ్వులా కనిపించే సీ ఎనిమోన్ అనే జీవిలోకో దూరిపోతాయి. పుట్టిన చోటే కాపురం. ఒకే దీవి చుట్టూ, కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న గుంపుల మధ్య కూడా జన్యువుల్లో తేడా కనిపించిందంటే కారణం ఇదే. ఆ పేరాను పైకి తీసుకురా.

నువ్వు వేరేగా రాసిన రంగుల వర్ణన కూడా ఇక్కడికే రావాలి. వెండి ఒంటి మీద ఆ నల్లచారలు ముళ్ల నీడల్లో ఎలా కలిసిపోతాయో పాఠకుడు ఊహించుకోగలగాలి.

ఒక్క విషయంలో మాత్రం నేను రాజీపడను. లెంబే జలసంధిలోనూ ఉందని ఊరికే రాశావు. అది బంగ్గాయ్‌కి ఉత్తరాన దాదాపు 400 కిలోమీటర్ల దూరం. ఈ చేప అక్కడికి ఈదుకుంటూ పోలేదు. 2000 ప్రాంతంలో అక్వేరియం వ్యాపారం వల్ల అక్కడి నీళ్లలో పడి, స్థిరపడింది. సొంత చోటు వేరు, మనుషులు చేర్చిన చోటు వేరు. రెండూ కలిపేస్తే, 2007లో అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాకెక్కిన చేప అన్ని చోట్లా హాయిగా ఉందనుకుంటారు. ఒడ్డున జనం తినడానికి సీ అర్చిన్లు ఏరుకుపోతే చేప పిల్లలకు దాక్కునే చోటే పోతుందనీ రాయి.

మార్చి పంపు. ఈసారి మ్యాప్ కూడా గీసి పెట్టు, రెండు రంగుల్లో.

ఆశీస్సులతో,
బాబాయి