మహారాష్ట్రలో మన తెలుగువాళ్లుండే సిరొంచ పల్లెల్లో నలుగురు కూడితే ముంబయిలో సర్కారు పద్ధతి మారుతుందా?

మారుతుంది. ధర్నా కన్నా గ్రామసభ రిజిస్టరు మీదే నాకు నమ్మకం ఎక్కువ.

మన గడ్చిరోలి జిల్లాలోనే ధానోరా వైపున్న మెండా లేఖా చూడండి. 2009లో ఆ ఊరికి దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పత్రం వచ్చింది. అయినా వెదురు అమ్ముకోనివ్వలేదు. అప్పట్లో అటవీ శాఖ లెక్కలో వెదురంటే చెట్టు, అంటే సర్కారుది. 2006 అటవీ హక్కుల చట్టం లెక్కలో అది చిన్నతరహా అటవీ ఫలసాయం, అంటే అమ్ముకునే హక్కు ఊరిది. ఊరు ఆ ఒక్క మాటే పట్టుకుని కూర్చుంది. 2011 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రి జైరాం రమేశ్, ముఖ్యమంత్రి పృథ్వీరాజ్ చవాన్ స్వయంగా ఆ ఊరికి వచ్చి, వెదురు బయటికి తరలించడానికి కావాల్సిన రవాణా పాసుల పుస్తకం గ్రామసభ చేతికిచ్చారు.

మన దగ్గర చిక్కల్లా కోరం. అటవీ హక్కుల తీర్మానానికి గ్రామసభ సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతైనా ఆడవాళ్లుండాలి. తునికాకు రోజుల్లో పొద్దున సభ పెడితే ఎవరొస్తారు? రాత్రి అన్నాలయ్యాక పెట్టండి. చర్చ తెలుగులో కానివ్వండి. తీర్మానం మరాఠీలో రాయించినా, వేలిముద్ర వేసే అవ్వకు ముందు తెలుగులో చదివి వినిపించండి. అర్జీ ఇచ్చాక ముద్ర వేసిన రసీదు తీసుకోందే ఆఫీసు గడప దిగకండి.