నీళ్లొచ్చేలోపు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఊళ్లో మ్యూజియం పెడదామని ఉందనీ, బిల్డింగు దొరక్క ఆగిపోయాననీ రాశావు. బిల్డింగు కోసం ఆగకు. ముప్పై ఏళ్లు మ్యూజియంలో పనిచేసినవాణ్ణి, నా మాట విను.

ఉక్రెయిన్‌లో మిఖైలో సికోర్‌స్కీ అని ఒకాయన ఉండేవారు. హెలికాప్టర్ల సికోర్‌స్కీ వేరు. ఈయన 1923లో చిహిరిన్‌లో పుట్టారు. కీవ్‌లో చరిత్ర చదివి, 1951లో పెరెయాస్లావ్ అనే చిన్న పట్నానికి మ్యూజియం డైరెక్టరుగా వచ్చారు. అప్పటికి ముప్పై నిండలేదు. 2011లో పోయేదాకా ఆ ఊరే ఆయన లోకం. 1964లో అక్కడ ఆరుబయలు మ్యూజియం మొదలుపెట్టారు. ఉక్రెయిన్‌లో అలాంటిది అదే మొదటిది.

డెబ్బైల్లో ద్నీప్రో నది మీద కానివ్ రిజర్వాయరు వచ్చింది. ఒడ్డునున్న ఊళ్లు మునిగాయి. సికోర్‌స్కీ గడ్డికప్పు ఇళ్లనీ, చెక్క చర్చిల్నీ ఊడదీయించి తన మ్యూజియానికి తెప్పించుకున్నారు. చెక్క కట్టడం కదిలించాలంటే ఒక్కో దుంగకీ నంబరు వెయ్యాలి, అదే వరసలో మళ్లీ పేర్చాలి. ఒక్క నంబరు చెరిగినా గోడ కుదరదు. వ్యునిష్చే అనే ఊరు నీళ్ల కింద ఉంది, దాని చర్చి మాత్రం పెరెయాస్లావ్‌లో నిలబడి ఉంది. దేవుడి పేరెత్తితే గిట్టని సోవియట్ రోజులవి. ఆ చర్చి లోపల అంతరిక్ష మ్యూజియం పెట్టారాయన! ఆ ఉపాయం తలుచుకున్నప్పుడల్లా నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

అలా ఇరవైకి పైగా మ్యూజియాలు చేశారు. రొట్టెకి ఒకటి, ఇంట్లో కుట్టుకునే పూలతువ్వాళ్లకి ఒకటి, ఆ ఊళ్లోనే పుట్టి, యూదుల భాష యిద్దిష్‌లో రాసిన రచయిత షోలెమ్ అలైహెమ్‌కి ఒకటి. రాజుల కిరీటాల కోసం వెతుక్కోలేదు. నువ్వూ వెతకొద్దు. కుంచం, కవ్వం, గానుగ రోకలి, ఇవి చాలు.

అయితే వస్తువు ఒక్కటే తెచ్చుకుంటే లాభం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలాయన నాకో ఇత్తడి సోల ఇచ్చాడు. అంచు ఒకవైపు అరిగిపోయి ఉంది. ఎందుకలా అరిగిందో ఆయన చెప్పాడు కూడా. రేపు రాద్దాంలే అనుకున్నాను, మర్చిపోయాను. ఆయన పోయాడు. ఆ సోల ఏ ఊరిదో, ఏ ఇంట్లో ఏం కొలిచిందో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. ఆ అరుగుదల చూస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అందుకే వస్తువు చేతికొచ్చిన రోజే చీటీ రాసి దారంతో కట్టు. ఎవరిచ్చారు, ఏ వీధి, దేనికి వాడేవారు, ఆ వస్తువుని ఇంట్లో ఏమని పిలిచేవారు. పెన్నుతో వద్దు, చెమ్మకి ఇంకు అలుక్కుపోతుంది. పెన్సిలుతో రాయి. అవే వివరాలు రిజిస్టర్లోనూ ఎక్కించు. ఈ ఆదివారమే మీ నాయనమ్మ దగ్గర కూర్చో. ఆవిడకి ఓపికున్నంతసేపే అడుగు. ముందు ఆ పెరట్లో బోర్లించిన తిరగలి సంగతి అడుగు.

మావయ్య