మద్యం మాన్పించే మాత్ర సంతానానికి అడ్డమా?

ప్రశ్న: మాది హనుమకొండ. మద్యం మానడానికి మా ఆయన మానసిక వైద్యుల సలహాతో రెండు నెలలుగా రోజూ 50 మిల్లీగ్రాముల నాల్‌ట్రెక్సోన్ మాత్ర వేసుకుంటున్నారు. పెళ్లయి నాలుగేళ్లయినా మాకు పిల్లలు లేరు. ఈ మాత్రతో మగ హార్మోను తగ్గిపోతుందని, వెంటనే ఆపించమని మా అత్తమ్మ పట్టుబడుతున్నారు. ఆపవచ్చా?

జవాబు: ఆ కారణంతో ఆపవద్దు. నల్లమందు జాతి మత్తుపదార్థాలు మగ హార్మోనును తగ్గిస్తాయన్న మాట నిజమే కానీ, ఈ మాత్ర ఆ జాతిది కాదు, ఆ జాతిని అడ్డుకునేది. రెండింటి పేర్లూ ఒకేచోట వినబడడం వల్ల మీ అత్తమ్మ గారికి ఆ భయం కలిగి ఉండవచ్చు.

మన మెదడు బీటా ఎండార్ఫిన్ వంటి ఓపియాయిడ్లను, అంటే నల్లమందులా పనిచేసే పదార్థాలను, తనంతట తానే తయారుచేసుకుంటుంది. నొప్పిని తగ్గించే ఈ పదార్థాలే, మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి విడతలు విడతలుగా విడుదలయ్యే జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోనుకు కళ్లెం వేస్తాయి. ఆ హార్మోను అందితేనే పీయూష గ్రంథి ఎల్‌హెచ్ అనే మరో హార్మోనును వదులుతుంది, ఎల్‌హెచ్ అందితేనే వృషణాలు మగ హార్మోను అయిన టెస్టోస్టిరాన్‌ను తయారుచేస్తాయి. హెరాయిన్, మార్ఫిన్ వంటివి దీర్ఘకాలం వాడితే ఆ కళ్లెం మరింత బిగుసుకుని పురుషుల్లో టెస్టోస్టిరాన్ పడిపోతుంది, స్త్రీలలో నెలసరి తప్పుతుంది. నాల్‌ట్రెక్సోన్ ఆ కళ్లాన్ని సడలిస్తుంది కనుక ఎల్‌హెచ్ విడుదల పెరుగుతుంది, దాని వెంట టెస్టోస్టిరాన్ కూడా కొంత పెరగవచ్చు. అలాగని దీన్ని సంతానానికి మందుగా భావించకూడదు. ఈ మాత్రకు అమెరికాలో 1984లో ఓపియాయిడ్ వ్యసనానికి, 1994లో మద్య వ్యసనానికి అనుమతి లభించింది. వంధ్యత్వ చికిత్సకు కాదు.

స్త్రీలలో దీని ప్రభావం నెలసరిలోని దశను బట్టి మారుతుంది. బహిష్టు మొదటి రోజుల్లో ఎల్‌హెచ్ పెద్దగా కదలదు. అండం విడుదలకు ముందు, ఆ తర్వాతి రోజుల్లో స్పష్టంగా పెరుగుతుంది. నెలసరి ఆగిపోయిన వయసులో దాదాపు మార్పు ఉండదు. అండాశయ హార్మోన్లే మెదడులోని ఆ కళ్లానికి బలమివ్వడం దీనికి కారణం. మానసిక ఒత్తిడి వల్లనో, బరువు బాగా తగ్గడం వల్లనో నెలసరి ఆగిన కొందరికి ఈ మందును ఇచ్చి చూశారు కానీ, ఫలితాలు అందరిలో ఒకేలా రాలేదు.

మీ విషయంలో నేను ఎక్కువగా అనుమానించేది మద్యాన్నే. అది వృషణాల్లో టెస్టోస్టిరాన్ తయారీని నేరుగా దెబ్బతీస్తుంది, వీర్యకణాల సంఖ్యను, కదలికను తగ్గిస్తుంది. మాత్ర ఆపి మళ్లీ తాగుడు మొదలైతే జరిగే నష్టం ఇదే. వీర్యకణం తయారుకావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మద్యం పూర్తిగా మానిన మూడు నెలల తర్వాత వీర్య పరీక్ష చేయించండి. నాలుగేళ్లు గడిచాయి గనుక మీ పరీక్షలను మాత్రం అంతవరకు ఆపవద్దు. ఈ మాత్రతో కొందరికి వికారం, తలనొప్పి, అరుదుగా లైంగికాసక్తి తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం వంటివి కలుగుతాయి. అలాంటివి ఉంటే మందు రాసిన వైద్యులకే చెప్పాలి; వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో కూడా సంప్రదించవచ్చు. కాలేయ పరీక్షలు వారు చెప్పిన గడువులో చేయించాలి.

మరో జాగ్రత్త: ఈ మాత్ర వాడుతున్నప్పుడు ట్రమడాల్ వంటి ఓపియాయిడ్ జాతి నొప్పి మందులు సరిగా పనిచేయవు. పంటి నొప్పికైనా, శస్త్రచికిత్సకైనా వెళ్లినప్పుడు ఆయన ఈ మాత్ర పేరును ముందుగానే వైద్యులకు చెప్పాలి.