వణికింది కెమెరా, కదిలింది మనిషి

తమ్ముడూ,

నువ్వు పంపినవాటిలో కిటికీ పక్కన కూర్చుని నవ్వుతున్న మీ అమ్మమ్మ ఫోటో దగ్గర ఆగిపోయాను. అలాంటి నవ్వు అందరికీ దొరకదు. కానీ ముఖం నల్లబడిపోయింది, కళ్లు అలికేసినట్టున్నాయి. కింద నువ్వేమో "భావం ఉంటే చాలు, టెక్నిక్‌దేముంది" అని రాశావు. ఆ మాటకే ఈ ఉత్తరం.

ఫైల్లో సెట్టింగులు చూశాను. 50 ఎంఎం లెన్స్, ఎఫ్8 (లెన్స్ రంధ్రం, అంకె తగ్గితే వెలుగు ఎక్కువ), ఐఎస్ఓ 100 (వెలుగుకు కెమెరా ఎంత స్పందిస్తుందో), షట్టర్ 1/15 (తెరిచి ఉన్నది సెకనులో పదిహేనో వంతు). ఆ లెన్స్ చేత్తో పట్టుకున్నప్పుడు 1/50 కన్నా తగ్గితే చేతి వణుకు ఫోటోలోకి వచ్చేస్తుంది. స్టెబిలైజేషన్ నీ వణుకును ఆపుతుందేమో గానీ, నవ్వుతూ ఊగే ఆవిడ తలను ఆపలేదు. దానికి 1/250 అయినా కావాలి. ఎఫ్8 నుంచి ఎఫ్2.8కి వస్తే మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) దక్కుతాయి, ఐఎస్ఓ 800కి పెంచితే ఇంకో మూడు. 1/15 నుంచి 1/250కి వెళ్లడానికి నాలుగు ఖర్చవుతాయి. మిగిలిన రెండూ ముఖానికి పెట్టు. వెనక కిటికీ వెలుగు చూసి, కెమెరాలో వెలుగు కొలిచే మీటరు మొత్తం ఫ్రేమును చీకటి చేసింది, ఆ లోటు దీంతో పూడుతుంది. కిటికీ అవతల తెల్లగా కాలిపోతే పోనీ, అక్కడ చూడాల్సిందేమీ లేదు. ఐఎస్ఓ 800లో వచ్చే నాయిస్, అదే ఆ గరుకు చుక్కలు, ఆ నవ్వుకేం అడ్డం కాదు.

వణికిన ప్రతి ఫోటోనీ కవితాత్మకం అని అచ్చేసే ఎడిటర్లు మీ తరాన్ని పాడుచేస్తున్నారు. వాళ్లు సాక్ష్యంగా చూపించే ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్తియే-బ్రెస్సాన్ ఫోటోనే తీసి చూడు. 1932, పారిస్, సెంట్ లజార్ స్టేషన్ వెనక నీళ్ల మీదుగా దూకుతున్న మనిషి. అలుక్కుపోయింది ఆ మనిషి, నీళ్లలో పడున్న నిచ్చెన కాదు. నీ ఫోటోలో కిటికీ చువ్వలు కూడా రెండేసిగా కనిపిస్తున్నాయి, అంటే వణికింది నీ కెమెరా.

అలాగని ఎఫ్1.8 మీద పడకు. వెనకంతా కరిగిపోవాలనే మోజు ఇంకో జబ్బు. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెమెరాలో, ఒక మీటరు దూరంలో, 50 ఎంఎం ఎఫ్1.8కి ఫోకస్‌లో ఉండేది సుమారు నాలుగు సెంటీమీటర్లే. ముక్కు కొస మీద ఫోకస్ పడిందంటే కళ్లు పోయినట్టే.

నవ్వు ఎక్కువసేపు నిలవదు. అప్పుడు డయల్ వెతుక్కునేవాడికి ఎంత భావం ఉన్నా దక్కదు. గదిలోకి వెళ్లగానే ఒక్క చోటే కొలిచే స్పాట్ మీటరింగ్‌తో ముఖం మీద వెలుగు కొలువు, సెట్టింగులను మాన్యువల్‌లో బిగించు. ఆవిడ చోటు మారితేనో, మబ్బు పడితేనో తప్ప మళ్లీ డయల్ ముట్టుకోకు. ఇక నీ చూపంతా ఆవిడ మీదే.

కొత్త లెన్స్ గురించి అడిగావు, ఆ సంగతి ఇప్పుడొద్దు. ముందు నడుస్తున్న మనిషిని ఒకే దూరం నుంచి 1/15, 1/60, 1/250, 1/500లలో తియ్యి. ప్రతిసారీ ఐఎస్ఓ మార్చి వెలుగు సమానంగా ఉంచు. కంప్యూటర్లో నూరు శాతానికి పెంచి, పాదం ఎక్కడ నిలిచిందో, గోడ ఎక్కడ వణికిందో విడివిడిగా రాసుకో. ఎడిట్ చెయ్యని ఫైళ్లే నాకు పంపు.