పిక్చర్ డే నాడు వరుస దగ్గర నిలబడు

చిట్టితల్లీ,

నువ్వు స్కూల్లో ఇయర్‌బుక్ (ఏటా స్కూలు పిల్లల ఫొటోలతో వేసే పుస్తకం) టీమ్‌లో చేరావట, వచ్చే వారమే పిక్చర్ డే, అంటే పిల్లలందరికీ ఫొటోలు తీసే రోజట, ఏం చెయ్యాలో తెలియక టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. టెక్సస్‌లో 14 ఏళ్లు హైస్కూల్ పిల్లల చేత ఇయర్‌బుక్ చేయించినదాన్ని, నాకు తెలిసింది రాస్తున్నాను.

ఫొటోలు తీసే పని ఫొటోగ్రాఫర్ చూసుకుంటాడు. మీ పనంతా బయట వరుసలో ఉంది. స్కూల్లో ఉన్న ప్రతి ఒక్కరూ మీ ముందు నుంచి నడిచి వెళ్లేది ఏడాదిలో ఆ ఒక్క రోజే. ఫుట్‌బాల్ ఆడేవాళ్లు, బ్యాండ్‌లో ఉన్నవాళ్లు పుస్తకంలోకి ఎలాగూ వస్తారు. ఏ క్లబ్‌లోనూ లేకుండా, బస్సు దిగి క్లాసుకు, క్లాసు నుంచి బస్సుకు వెళ్లిపోయే పిల్లలు మీకు దొరికేది ఇక్కడే.

ముందు పేర్ల సంగతి. ఫొటో కంపెనీ ఫొటోలతో పాటు, ఏ ఫొటో ఎవరిదో చెప్పే ఒక ఇండెక్స్ ఫైల్ పంపుతుంది. అందులో పేరు ఎలా ఉంటే పేజీలో అలాగే పడుతుంది. ఆ పేర్లు ఆఫీసు రికార్డుల్లోంచి వచ్చినవే. మన పిల్లల పేర్లు తెలుసుగా, పాస్‌పోర్టులో బారెడు ఉంటాయి, ఇక్కడ మొదటి ముక్క ఒక్కటే మిగులుతుంది. ఒక ఏడాది నేను సరిచూడకుండా పంపేశాను. ఒకే పేజీలో ముగ్గురు ‘వెంకట’లు అచ్చయ్యారు. అందులో ఒకడు పుస్తకం అందుకున్న చోటే పెన్ను తీసి, వెంకట మీద గీత కొట్టి, పైన చిన్న అక్షరాలతో కార్తీక్ అని రాసుకున్నాడు. “మిగతావాళ్ల పుస్తకాల్లో కూడా దిద్దనా?” అని నన్నే అడిగాడు. ఆ పిల్లాడి ముఖం ఇప్పటికీ మర్చిపోలేను.

అందుకే పేర్ల జాబితా చేతిలో పట్టుకుని, “పుస్తకంలో నీ పేరు ఎలా ఉండాలి?” అని ప్రతి ఒక్కరినీ అడగండి. స్పెల్లింగ్ వాళ్లకే చూపించి టిక్కు పెట్టించండి. ఎవరైనా మార్పు చెబితే మీ టీచర్‌కు అదే రోజు ఇవ్వండి.

పేరు అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న వెయ్యండి. ‘నీ హాబీ ఏంటి’ అంటే ఏమీ రాదు. ‘ఈ రోజు పొద్దున్న ఎన్నింటికి లేచావు, ఎందుకు?’ అని అడిగి చూడు. అలా అడిగితే ఒకమ్మాయి, నాలుగింటికి లేచి నాన్న డోనట్ షాపులో సాయం చేసి వస్తానంది. మూడేళ్లుగా మా మధ్య తిరుగుతున్నా ఎవరికీ తెలియదు. ఆ ఏడాది మా పుస్తకంలో అందరూ ఆగి చదివిన పేజీ ఆ అమ్మాయిదే.

వెనక గ్రీన్ స్క్రీన్ (తర్వాత వేరే బ్యాక్‌గ్రౌండ్ అతికించడానికి పెట్టే ఆకుపచ్చ తెర) పెడతారేమో కనుక్కుని, పెడితే ఆకుపచ్చ బట్టలు వద్దని ముందే చెప్పండి. కళ్లద్దాలు మెరుస్తుంటే చెవుల దగ్గర కాస్త పైకెత్తితే చాలు. టోపీలు తీయమంటారు కదా, హిజాబ్, పాగా ఉన్న పిల్లల్ని అలా అనకూడదని ఫొటోగ్రాఫర్‌కు పొద్దున్నే చెప్పించు. వరుసలో నిలబడ్డాక పిల్ల చిన్నబుచ్చుకుంటే ఆ ముఖమే ఫొటోలో పడుతుంది.

ఇంకో సంగతి. విద్యార్థుల వివరాల గోప్యత కోసం అమెరికాలో 1974లో వచ్చిన ఫెర్పా చట్టం ప్రకారం, మా పిల్లల పేరు, ఫొటో బయటపెట్టొద్దని తల్లిదండ్రులు స్కూలుకు రాసివ్వొచ్చు. వాళ్లెవరో మీ టీచర్‌ను ముందే అడిగి తెలుసుకో. అందరి ముందు ఆ పిల్లల్ని కదపొద్దు.

సాయంత్రం ఇంటికెళ్లే ముందు, రానివాళ్ల పేర్లు జాబితాలోంచి వేరే కాగితం మీద రాసుకో. అలాంటివాళ్లకు మళ్లీ ఫొటోలు తీసే రీటేక్ రోజున మైకులో అనౌన్స్ చేస్తే వాళ్లు రారు. మీలో ఒకరు క్లాసుకు వెళ్లి పేరు పెట్టి పిలిచి, వెంటబెట్టుకుని రావాలి. జాబితా ప్రింటు మాత్రం ముందు రోజే తీసిపెట్టుకో, పొద్దున్న ఆఫీసు ప్రింటర్ ఖాళీ ఉండదు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ