కిటెంగెలాలో ఇల్లు కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నైరోబీ శివార్లలో, కిటెంగెలా దగ్గరి కొత్త టౌన్‌షిప్‌లో మీరు ఇల్లు కొనబోతున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత గర్వపడ్డానో చెప్పలేను, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాగితాల సంగతి నీకు తెలిసినదే. కెన్యా 2010 రాజ్యాంగం ప్రకారం విదేశీయులకు అక్కడ భూమి 99 ఏళ్లకు మించని లీజు మీదే దక్కుతుంది కనుక, ఇంకా ఎన్నేళ్లు మిగిలాయో చూసుకో. అమ్మేవారి లాయరును నమ్ముకోక మీ లాయరును పెట్టుకోండి. అటువైపు చాలా నేల నల్లరేగడి. పునాది కింద దాన్ని తీసి మొరం పోశారో లేదో ఇంజనీరుకు చూపించండి.

నా భయమల్లా నీళ్ల గురించే. బ్రోచరులో ఈతకొలను బొమ్మ చూసి మురిసిపోయావట గాని, తాగే నీళ్లు ఎక్కడివని అడిగావా? నైరోబీ నగరానికి అబర్డేర్ కొండల వైపునుంచి, ఎన్‌డకైని జలాశయం నీళ్లు వస్తాయి. శివార్లలో చాలాచోట్ల బోర్లే దిక్కు. ఆ ప్రాంతపు అగ్నిపర్వత శిలల వల్ల భూగర్భ జలాల్లో, ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ తరచుగా మోతాదు మించి ఉంటుంది.

ఆ పేరు వింటేనే నాకు నల్గొండ జిల్లా మర్రిగూడ పక్కన మన ఊరు కళ్లముందు నిలుస్తుంది. నా చిన్నతనంలో మీ తాతయ్య అధికారుల వెంటపడి బోరు వేయించారు. నీళ్లు తేటగా, తియ్యగా ఉన్నాయని ఊరంతా సంబరపడి, చెరువు పక్కనున్న పాత బావిని పాడుపెట్టింది. పరీక్ష చేయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. కొన్నేళ్లకు మీ అమ్మమ్మ నడుము ఎంత వంగిందంటే, ఆమె ఎదుటివారి ముఖం చూడాలంటే గోడ పట్టుకొని మెడ పైకెత్తవలసి వచ్చేది. పెళ్లి ఫోటోల్లో మీ అమ్మ పెదవులు ఎందుకు బిగించుకుందో ఎప్పుడైనా గమనించావా, తల్లీ? గోధుమరంగు మచ్చల పళ్లు కనబడతాయని. నేను ముప్పై ఏళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖలో పని చేసింది ఆ ఇంట్లో పెరిగినందువల్లనే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే మన నల్గొండ పద్ధతి తూర్పు ఆఫ్రికా దాకా వెళ్లిందని వింటే నాకు ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది.

మరిగిస్తే పోతుందని ఎవరైనా అంటే వినకు. నీరు ఆవిరైన కొద్దీ ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. పాపకు ఇంకా పాలపళ్లే, శాశ్వత దంతాలు లోపల తయారవుతున్న వయసు ఇది. ఆ ఇంటి కుళాయి నీళ్లే సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే, వంటకూ తాగడానికీ ఆర్‌ఓ నీళ్లు ఎవరు ఇస్తారో, ఫిల్టర్లు ఎవరు మారుస్తారో ఒప్పందంలో రాయించు. రిపోర్టు ఫోటో తీసి నాకు పంపు. నేను చూసేదాకా అడ్వాన్సు కట్టవద్దు.

మీ మామయ్య